అడిగినదానికే జవాబు

మాక్ ఇంటర్వ్యూ ఇవ్వకుండా వీసా కిటికీ ముందు నిలబడిన తెలుగువాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఎక్కువమంది ఉండరనే నా అనుమానం. అద్దం ముందు నిలబడో, రూమ్మేట్‌ని ఎదురుగా కూచోబెట్టుకునో, కన్సల్టెన్సీకి వెళ్ళో మీరూ ఆ తతంగం నడిపే ఉంటారు. నేనూ నడిపాను. అక్కడ నేర్చుకున్న విద్యను చాలా ఏళ్ళ తర్వాత టెక్సస్‌లో ఒక హైస్కూల్ పిల్లకి నేర్పాను. లెక్కల టీచరుగా నేను క్లాసులో చెప్పినవేవీ అంత శ్రద్ధగానూ చెప్పలేదు, అంత భయపడుతూనూ చెప్పలేదు.

పోయిన వేసవిలో రిటైరయ్యాను. ప్లేనోకి ఆనుకుని, పాత అపార్ట్‌మెంట్లు ఉన్న వైపు మా స్కూలు. ఇక్కడి స్కూళ్ళకి లెక్కలు, సైన్సు చెప్పేవాళ్ళు దొరక్క మన దగ్గర్నుంచి టీచర్లను తెచ్చుకున్న రోజుల్లో వచ్చినదాన్ని నేను. మా బ్యాచ్‌లో వచ్చినవాళ్ళలో ఆ స్కూల్లో చివరిదాకా మిగిలింది ఇద్దరమే. రెండోవాడు నెల్లూరు నుంచి వచ్చిన కెమిస్ట్రీ టీచరు. వయసులో నాకంటే పెద్దే అయినా మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలిచాడు. దిద్దుదామనుకునేలోగా అలవాటైపోయింది.

మా స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి కాబోయే పిల్లలు ఆఖరి ఏడాదికి రాగానే, ఒక్కొక్కరికి ఒక టీచర్‌ని మెంటర్‌గా ఇచ్చేవాళ్ళు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఇళ్ళల్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళే. వారానికోసారి లంచ్ టైమ్‌లో లైబ్రరీ మూల బల్ల దగ్గర కూచుని ఇద్దరూ కలిసి తినాలి. అంతే. దీన్ని నడిపేది మా కౌన్సెలర్. సరిహద్దు దగ్గర ఊళ్ళో పుట్టి పెరిగిన మెక్సికన్ కుటుంబం వాళ్ళది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. మొదటి మీటింగ్‌లోనే మాకు షరతులు పెట్టింది. పిల్లల్ని మీ కార్‌లో ఎక్కించుకోవద్దు, వాళ్ళు చెప్పనిది అడగొద్దు, అన్నిటికంటే ముఖ్యంగా సలహాలు చెప్పొద్దు, వినండి అంది. సలహా చెప్పొద్దంటే మన టీచర్లకి ఊపిరి ఆడదు. నేనూ, కెమిస్ట్రీ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ చివరి ఏడాది నాకిచ్చిన పిల్లకి నిజానికి ఏ సలహా అక్కర్లేదు. వసపిట్టలా మాట్లాడేది. వాళ్ళ అపార్ట్‌మెంట్లలో ఎవరికి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉన్నా, ఎవరి ఇంట్లో నీళ్ళు కారి మేనేజర్‌తో గొడవ పడాలన్నా ఈ పిల్లనే వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. స్పానిష్‌లో విని ఇంగ్లీష్‌లో చెప్పడం, ఇంగ్లీష్‌లో విని స్పానిష్‌లో చెప్పడం. ఎనిమిదో ఏట నుంచి అదే పని. పక్షవాతం వచ్చి మాట పోయిన ఒక ముసలాయన్ని ఆసుపత్రిలో చూసిందట. ఆయనకి మాటలు నేర్పుతున్న అమ్మాయిని చూసి, స్పీచ్ థెరపీ చదవాలని అప్పుడే నిర్ణయించుకుంది. మనుషుల్ని అనుకరించడంలో దిట్ట. నా నడక, నేను బోర్డు తుడిచే తీరు, నాకు కోపమొస్తే కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకోవడం, అన్నీ నా ముందే చేసి చూపించేది. కోప్పడాలనుకుంటూనే నవ్వేదాన్ని.

ఒక రోజు నేను లంచ్ బాక్స్ మూత తీయగానే వంగి చూసింది.

"మిస్, ఇది పెసరట్టా? ఉప్మా ఏది?"

నా చేతిలో మూత చేతిలోనే ఉండిపోయింది. టెక్సస్ పిల్లలు టీచర్‌ని మిస్ అనే అంటారు, అది కాదు నన్ను ఆశ్చర్యపరిచింది. పెసరట్టు అన్న మాటను ఆ పిల్ల కొంచెం సాగదీసినా తప్పు లేకుండా పలికింది.

"నీకెట్లా తెలుసు?"

"మా మామీ చేస్తుంది కదా. మీవాళ్ళ రెస్టారెంట్‌లో. మీది బాగా మందంగా ఉంది మిస్, ఏమీ అనుకోవద్దు."

రెస్టారెంట్ పేరు కూడా చెప్పింది. మేమందరం వెళ్ళే చోటే. ఎన్నో శుక్రవారాలు ఆ బల్లల దగ్గర కూచుని, ఇక్కడి పెసరట్టు అచ్చం మా అమ్మ చేసినట్టు ఉంటుందని లొట్టలేసుకుంటూ తిన్నాను. దాన్ని హోండురాస్ నుంచి వచ్చిన ఒక తల్లి పోస్తోందని ఏనాడూ అనుకోలేదు. లోపలివైపు తలుపు మూసే ఉంటుంది. ఎవరు చేస్తున్నారో మనం అడగం.

ఆ పిల్ల ఇక్కడే, డాలస్‌లో పుట్టింది. వాళ్ళమ్మకి కాగితాలు లేవు. తండ్రి ఊసు ఎత్తేది కాదు, నేనూ అడగలేదు. కాగితాల సంగతి మాత్రం మాటల మధ్యలో తనే చెప్పేసి, చెప్పాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. ఒట్టు వేయడం తేలికే. అప్పటినుంచి ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరగడం మొదలైంది.

ఎందుకంటే ఆ చలికాలంలోనే భయం ఊళ్ళోకి వచ్చింది. కాగితాలు లేనివాళ్ళని పట్టుకుపోవడానికి ఇమిగ్రేషన్ అధికారులు వచ్చారని, ఫలానా పార్కింగ్ లాట్‌లో నల్ల అద్దాల కార్లు నిలబడి ఉన్నాయని రోజూ ఏదో ఒక వార్త. సగం నిజం, సగం పుకారు. ఏది ఏదో తెలియకపోవడమే అసలు భయం. నా ఫస్ట్ పీరియడ్‌లో కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. ఒకమ్మాయి వరసగా రాకపోతే జ్వరమా, ఊరు వదిలారా, ఇంకేమైనానా అని అడగడానికి కూడా నోరు రాదు. క్లాసు మధ్యలో తలుపు ఎవరైనా గట్టిగా తడితే పాతికమంది పిల్లలు ఒక్కసారిగా నా ముఖం వైపు చూసేవాళ్ళు. వచ్చింది ఆఫీసు నుంచి అటెండెన్స్ చీటీ తెచ్చిన పిల్లాడని తెలిశాక కూడా కాసేపటిదాకా ఎవరూ పెన్ను ముట్టుకునేవాళ్ళు కాదు.

మనవాళ్ళు ధైర్యంగా ఉన్నారనుకోకండి. మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన మెసేజ్‌లు మీరూ చూసే ఉంటారు. గ్రీన్‌కార్డ్ జేబులో పెట్టుకోండి, సిటిజన్ అయితే పాస్‌పోర్ట్ పెట్టుకోండి, వాకింగ్‌కి వెళ్ళినా సరే. ఎమ్మెస్ చదువుతూ, అనుమతి లేకుండా ఆ రెస్టారెంట్‌లో వడ్డన చేసే పిల్లలు రాత్రికి రాత్రి మాయమయ్యారు. నేను సిటిజన్ అయ్యి పదేళ్ళు దాటింది. అయినా మా ఆయన పొద్దున్నే గుమ్మంలో నిలబడి, లంచ్ బాక్స్ పెట్టుకున్నవా అని అడగడం మానేసి, పాస్‌పోర్ట్ పెట్టుకున్నవా అని అడగడం మొదలుపెట్టాడు. నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే లంచ్ బ్యాగ్‌లో, బాక్స్ పక్కన పెట్టుకునేదాన్ని. ఒక రోజు చెంచా తీయబోతే పాస్‌పోర్ట్ జారి బల్ల మీద పడింది.

"ఎక్కడికైనా ట్రిప్‌కి వెళ్తున్నారా మిస్?" అని అడిగింది పిల్ల.

"లేదు."

ఆ పిల్ల దాన్ని తీసి, మీద పడ్డ అన్నం మెతుకు దులిపి, నా బ్యాగ్‌లో పెట్టింది. ఆ రోజు ఇంకేమీ అనుకరించలేదు.

అంత భయంలో ఒక మంచి కబురు వచ్చింది. రాష్ట్రంలో పేరున్న ఒక యూనివర్సిటీ ఆ పిల్లని స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి పిలిచింది. ఫీజు, హాస్టల్, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. అది వస్తే చదువు, రాకపోతే వాళ్ళమ్మతో పాటు వంటింట్లోకి. మధ్యలో మరో దారి లేదని ముగ్గురికీ తెలుసు, నాకూ, కౌన్సెలర్‌కీ, ఆ పిల్లకీ.

మా కౌన్సెలర్ ఉత్సాహంగా వచ్చింది. "తన కథ చెప్పమనండి. వాళ్ళకి కావలసింది కథే. ఎవరు పెంచారు, ఎలా పెరిగింది, మనసు విప్పి చెప్తే ఆ సీటు ఈ పిల్లదే."

వాళ్ళమ్మ కాగితాల సంగతి ఆవిడకీ పిల్లే చెప్పిందని నాకు తెలుసు. "కథ చెప్తే అమ్మ సంగతి బయటపడుతుంది కదా. ఎదురుగా కూచున్నవాళ్ళు ఎవరో, ఇంటికి వెళ్ళి ఎవరితో ఏం మాట్లాడతారో మనకేం తెలుసు?"

"అది స్కాలర్‌షిప్ కమిటీ. వీసా కిటికీ కాదు."

"ఒకవైపు ముగ్గురు, ఇంకోవైపు ఒక్కరూ కూచుంటే అది వీసా కిటికీయే," అన్నాను.

నేను అలా అనడానికి కారణం ఉంది. నా మొదటి వీసా ఇంటర్వ్యూలో అంతా సవ్యంగా నడుస్తుండగా, అడక్కుండానే మా అక్క షికాగోలో ఉంటుందని చెప్పాను. ఆ ముక్క చెప్తే నా మీద మంచి అభిప్రాయం కలుగుతుందనుకున్నాను. అక్క అక్కడుంది కాబట్టి నేను తిరిగి రాననుకున్నారు, వీసా రాలేదు. ఆ తర్వాత అమీర్‌పేటలో టిఫిన్ సెంటర్ మీది గదిలో ఒక రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగి దగ్గర చేరాను. ఆయన అట్టముక్కతో కిటికీ చేసి, దాని వెనక కూచుని మమ్మల్ని తోమేవాడు. అడిగినదానికే జవాబు చెప్పు. అయ్యాక నోరు మూసుకో. నిశ్శబ్దంగా ఉంటే నిశ్శబ్దాన్ని నువ్వు పూరించకు. నవ్వు, కానీ పళ్ళు కనబడకూడదు. కుటుంబం గురించి వాళ్ళు తవ్వితేనే మాట్లాడు. ఏడాది తిరిగాక రెండోసారి వెళ్తే వీసా వచ్చింది. మంత్రం ఫలించాక మంత్రాన్ని ఎవరు అనుమానిస్తారు?

కాబట్టి నా వీసా కథంతా చెప్పి, అదే మంత్రం ఆ పిల్లకి ఉపదేశించాను. స్కూలు అయ్యాక కెమిస్ట్రీ ల్యాబ్‌లో రోజూ ప్రాక్టీస్. తమ్ముడు ఆఫీసర్. ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి, పైనుంచి చూస్తూ, వంకర ప్రశ్నలు వేసేవాడు. మొదట్లో ఆ పిల్లకి ఇదొక ఆట. ఒక ప్రశ్న అడిగితే పది నిమిషాలు చెప్పేది. నేను చేత్తో బల్ల మీద కొట్టేదాన్ని. "అది అడగలేదు. మళ్ళీ చెప్పు." మళ్ళీ. మళ్ళీ. "మీ అమ్మ ఏం చేస్తుంది?" "ఫుడ్ సర్వీస్‌లో పని చేస్తుంది సర్." "ఎక్కడ?" "ప్లేనోలో సర్." "చాలు. అంతే. ఇంకో మాట వద్దు."

రెండు వారాల్లో ఆ పిల్ల నేర్చేసుకుంది. మంచి స్టూడెంట్ కదా. తమ్ముడు ఒక సాయంత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏందక్కా ఇది. నిన్నమొన్నటిదాకా ఆ పిల్ల గలగలా మాట్లాడతా ఉండె. ఇప్పుడు చూడు, కోర్టులో సాక్షి మాదిరి నిలబడుండాది. నాకే భయమేస్తా ఉంది దాన్ని చూస్తే."

"భయం ఉంటేనే జాగ్రత్తగ ఉంటది తమ్మీ."

"జాగ్రత్త సరేలే. సీటెవరిస్తారు ఆ జాగ్రత్తకి?" అన్నాడు. అన్నాడే గానీ మర్నాడు మళ్ళీ ఆఫీసర్‌గా కూచున్నాడు. మా ఇద్దరికీ తెలిసిన విద్య అదొక్కటే.

ఇంటర్వ్యూ రోజు స్కూల్ వ్యాన్‌లో వెళ్ళాం. కౌన్సెలర్ డ్రైవింగ్, నేనూ పిల్లా వెనక సీట్లో. వాళ్ళమ్మ రాలేదు. హైవే మీద పోలీస్ కార్లు ఉంటాయని ఆవిడ ఇల్లు, రెస్టారెంట్ తప్ప ఎటూ కదలడం మానేసింది. కూతురికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పంపింది. దారంతా ఆ పిల్ల పెదవులు కదులుతూనే ఉన్నాయి, నేను నేర్పిన జవాబులే. గొంతు మాత్రం బయటికి రాలేదు.

ఆ భవనం గుమ్మంలో ఒక యూనిఫాం మనిషి నిలబడి ఉన్నాడు. నడుముకి బెల్టు, బెల్టుకి తుపాకి. క్యాంపస్ సెక్యూరిటీ, మరేదో ఫంక్షన్ కోసం వచ్చాడట. మాకప్పుడు అదేం తెలుసు. పిల్ల ఆగిపోయింది. నా చెయ్యి నాకు తెలియకుండానే బ్యాగ్‌లోకి వెళ్ళి పాస్‌పోర్ట్ అట్టను తడిమింది. ఆయన మాకు తలుపు తీసి పట్టుకుని, గుడ్ లక్ చెప్పాడు.

మెంటర్ వెనక కుర్చీలో కూచోవచ్చు, కానీ నోరు విప్పకూడదు. అది వాళ్ళ నియమం. బల్లకి అవతల ముగ్గురు ఉన్నారు. నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ, ఒక కుర్ర ప్రొఫెసరు, స్కాలర్‌షిప్‌కి డబ్బిచ్చే పెద్దాయన. ఆ పెద్దాయనకి కౌబాయ్ బూట్లు, సూటు వేసుకున్నా అవే.

నీ గురించి చెప్పమన్నారు. రెండు వాక్యాల్లో చెప్పి ఆగింది. మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగారు. "నేను, మా అమ్మ, మేడమ్." మీ అమ్మగారు ఏం చేస్తారు? "ఫుడ్ సర్వీస్‌లో పని చేస్తుంది మేడమ్." ఇంకా ఏదో చెప్తుందని ప్రొఫెసరమ్మ ఎదురుచూసింది. పిల్ల నిశ్శబ్దాన్ని పూరించలేదు. పళ్ళు కనబడకుండా నవ్వింది. నువ్వు ఎదుర్కొన్న కష్టం ఏదైనా చెప్పమన్నాడు కుర్ర ప్రొఫెసరు. "టైమ్ మేనేజ్‌మెంట్ సర్." నేను ల్యాబ్‌లో చెప్పిన జవాబే, ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

వెనక కూచుని వింటున్నాను. ప్రతి జవాబూ నేను నేర్పినట్టే ఉంది, ప్రతి జవాబుకీ ఆ ముగ్గురూ ఒక్కో అడుగు దూరం జరిగిపోతున్నారు. కుర్ర ప్రొఫెసరు గడియారం చూశాడు. ప్రొఫెసరమ్మ పెన్ను మూత పెట్టేసింది. లేచి, ఈ పిల్ల ఇది కాదండీ అని అరవాలనిపించింది. అరిస్తే నియమం తప్పినట్టు. ఆ పైన, అరిచి ఏం చెప్పను? ఎందుకలా నేర్పావంటే ఏం చెప్పను?

అప్పుడు బూట్ల పెద్దాయన ముందుకు వంగాడు. "అమ్మాయీ, నువ్వు సగం అపార్ట్‌మెంట్లకి ఇంటర్‌ప్రెటర్ పని చేస్తావని మీ కౌన్సెలర్ రాసింది. ఆ పిల్ల ఈ గదిలో నాకు కనబడటం లేదు. ఇలా జవాబులు చెప్పమని నీకు ఎవరు నేర్పారు?"

పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్ళీ ముందుకు తిరిగింది.

"అడిగారు కాబట్టి చెప్తాను సర్," అంది. "మా మిస్."

ఇక ఆగలేదు. కెమిస్ట్రీ ల్యాబ్, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, బల్ల మీద నా చేతి దెబ్బ, అన్నీ ఆ గదిలోకి తెచ్చేసింది. తమ్ముడి గొంతు దించేస్తే ప్రొఫెసరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత పిల్ల గొంతు తగ్గింది. "మా మిస్ ఒకప్పుడు ఒక కిటికీ ముందు నిలబడి, అడక్కుండా ఒక్క మాట ఎక్కువ చెప్పింది సర్. ఆ మాటకి ఏడాది పాటు ఆమె జీవితం ఆగిపోయింది. ఇప్పుడు ఆమె సిటిజన్. కాల్క్యులస్ చెప్తుంది. అయినా లంచ్ బ్యాగ్‌లో అన్నం పక్కన పాస్‌పోర్ట్ పెట్టుకుని స్కూల్‌కి వస్తుంది. నేను చూశాను. ఇప్పుడు కింద తలుపు దగ్గర ఆఫీసర్‌ని చూసి ఆమె చెయ్యి బ్యాగ్‌లోకి వెళ్ళింది. అన్ని కాగితాలూ ఉన్న మనిషి సర్ ఆమె."

ప్రొఫెసరమ్మ పెన్ను మూత మళ్ళీ తీసింది.

"నేను ఎనిమిదేళ్ళప్పటి నుంచి భయపడినవాళ్ళ తరఫున మాట్లాడుతున్నాను. డాక్టర్ దగ్గర, స్కూల్లో, ఆఫీసుల్లో. భయపడినవాళ్ళు ఎప్పుడూ సగం వాక్యమే చెప్తారు. మిగతా సగం వాళ్ళ ముఖం చూసి నేను చెప్పాలి. తప్పు చెప్తే వాళ్ళకి తప్పు మందు ఇస్తారు. మాట రానివాళ్ళకి ఎందుకు రాలేదో నాకు తెలుసు సర్. ఆ చదువే చదువుతాను."

నాకు ముందు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. నా గుట్టు ముగ్గురు కొత్తవాళ్ళ ముందు పరిచిందే అని. కాస్త ఆలస్యంగా వెలిగింది నాకు. వాళ్ళమ్మ మాట ఒక్కటి ఎత్తకుండా, వాళ్ళమ్మ బతుకంతా నా పేరు మీద చెప్పేసింది.

ప్రొఫెసరమ్మ నా వైపు చూసింది. "ఇది నిజమేనా?"

"అవును మేడమ్," అన్నాను. అడిగినదానికే.

తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాక అడిగాను. "నా సంగతి ఎందుకు చెప్పినవ్?"

"సారీ మిస్. కానీ మీకు పేపర్స్ ఉన్నాయి కదా. మీ భయం బయటికి చెప్తే ఎవరూ వచ్చి తలుపు కొట్టరు." ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "మా మామీది చెప్పలేను. మీది అప్పు తీసుకున్నాను."

ముందు సీట్లో కౌన్సెలర్ ముక్కు ఎగబీల్చింది. జలుబంది. నేను నమ్మినట్టే తలూపాను.

స్కాలర్‌షిప్ వచ్చింది. స్కూలంతా పండగ చేసుకుంది, కెమిస్ట్రీ తమ్ముడు తన నటన వల్లే వచ్చిందని అందరికీ చెప్పుకున్నాడు. ఇక్కడితో ఈ కథ ముగించేస్తే బాగుండేది. వారం తిరక్కుండా ఆ పిల్ల లైబ్రరీ మూలకి వచ్చి, నేను వెళ్ళను మిస్, అంది.

"ఎందుకు?"

"నేను అక్కడ హాస్టల్‌లో ఉంటాను. ఇక్కడ మామీని పట్టుకెళ్తే నాకెలా తెలుస్తుంది? ఎవరు చెప్తారు? ఫోన్ తీయకపోతే, పనిలో ఉందా, లేక..." వాక్యం పూర్తి చేయలేదు. మిగతా సగం నేనే ఆ ముఖంలో చదువుకోవలసి వచ్చింది.

ఏం కాదులే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఏం కాదని నాకు మాత్రం ఎలా తెలుసు? ఒక టీచర్‌కి జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే ఎంత దిగులేస్తుందో మీకు చెప్పలేను. అడగకూడదని అనుకుంటూనే అడిగాను.

"మీ అమ్మ పోసిన పెసరట్టు, వేరేవాళ్ళు పోసింది చూస్తే తేడా తెలుస్తదా?"

పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "తెలుస్తుంది. అందరూ రెండుగా మడుస్తారు. మామీ మూడు మడతలు వేస్తుంది. ఓనర్ చెప్పినా మానలేదు."

"అయితే ప్రతి శుక్రవారం నేను పోయి తింట. ఫొటో తీసి నీకు పంపుత. మూడు మడతలుంటే మీ అమ్మ పొయ్యి దగ్గర ఉన్నట్టు. ఆమె పేరుండదు, ముఖముండదు. అట్టు ఒక్కటే."

సలహా చెప్పొద్దని కౌన్సెలర్ పెట్టిన షరతుని నేను తప్పలేదని ఇప్పటికీ అనుకుంటాను. అది సలహా కాదు, పని. పిల్ల చెప్తే తమ్ముడు విని, ఆదివారాలు నావక్కా అన్నాడు. షుగర్ ఉన్న మనిషి. వద్దన్నా వినలేదు.

ఆగస్టులో ఆ పిల్ల హాస్టల్‌కి వెళ్ళింది. నేను అప్పటికి రిటైరయ్యాను, మెంటర్ ఉద్యోగం మాత్రం మిగిలింది. శుక్రవారం శుక్రవారం రెస్టారెంట్‌లో అదే బల్ల, అదే ఆర్డర్. ప్లేటు రాగానే ఫొటో. అవతలి నుంచి ఒక చిన్న గుండె బొమ్మ. ఆ గుండె వచ్చాకే నేను మొదటి ముక్క తుంచేదాన్ని. అప్పటిదాకా చట్నీ వాసన కూడా తెలిసేది కాదు.

మొన్న చలి మొదలైన రోజుల్లో ఒక శుక్రవారం. పొద్దున్నే గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఆ రెస్టారెంట్ ఉన్న కాంప్లెక్స్ వెనక ఏవో కార్లు ఆగి ఉన్నాయని. పుకారే అయి ఉంటుందనుకుంటూ వెళ్ళాను. హాల్లో సగం బల్లలు ఖాళీ. కౌంటర్ దగ్గర ఓనర్ తలెత్తలేదు. ప్లేటు వచ్చింది.

మందంగా ఉంది. ఒక పక్క చిరిగింది. రెండు మడతలు.

ఫోన్ చేతిలో పట్టుకుని దాని వైపే చూస్తూ కూచున్నాను. ఫొటో తీయలేదు. కాసేపటికి ఫోన్ వెలిగింది. "మిస్?" ఇంకాసేపటికి మళ్ళీ. "మిస్??" ఆ పిల్లకి ఏం రాయాలి? అడిగినదానికే జవాబు చెప్పే విద్య అన్నేళ్ళు అభ్యాసం చేసినదాన్ని, ఆ ఒక్క మాటకి నాకు జవాబు లేదు. లేచాను. ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా ముట్టుకోని ఆ లోపలివైపు తలుపు తోశాను.

వేడి, నూనె పొగ. పెద్ద పెనం ముందు గరిటె పట్టుకుని ఎవరో కొత్తావిడ. ఆవిడ మణికట్టు పట్టుకుని పిండి ఎలా తిప్పాలో చూపిస్తూ, పక్కనే ఆ పిల్ల తల్లి. ఫొటోల్లో చూసిన ముఖమే. నేర్పుతోంది.

నా గుండె కుదుటపడేలోగా ఆవిడ తలెత్తి నన్ను చూసింది. నేనెవరో ఆవిడకి తెలుసు. శుక్రవారాల సంగతీ తెలుసు. ఎప్పుడూ లోపలికి రాని మనిషి, ముఖంలో నెత్తురు లేకుండా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ కొత్తావిడ మణికట్టు వదిలేసింది.

"మి ఇహా?" అంది. నా కూతురు. నాకు స్పానిష్‌లో తెలిసిన నాలుగు మాటల్లో అదొకటి.

"లేదు, లేదు. ఓకే. షీ ఓకే." నాకు భాషలన్నీ కలిసిపోయాయి. "పెసరట్టు," అని, రెండు చేతులూ రెండుసార్లు మడిచి చూపించాను.

ఆవిడకి అర్థమైంది. బియ్యం బస్తా మీద కూలబడి, చీకట్లో దడుచుకున్న పిల్లల్లా ముందు ఏడ్చి, తర్వాత నవ్వింది. నేనూ గోడకి ఆనుకున్నాను. కొత్తావిడ గరిటె పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. పెనం మీద అట్టు మాడిపోయింది.

లేచి, ఆవిడ తన చేత్తో ఒకటి పోసింది. పలచగా, అంచులు ఎర్రగా, మూడు మడతలు. ఫొటో తీసి పంపాను. గుండె బొమ్మ వచ్చింది. దాని కింద ప్రశ్న. "ఎందుకు లేట్ అయింది మిస్?"

"మీ అమ్మ క్లాసు చెప్తోంది," అని రాశాను.

బయటికొచ్చి నా బల్ల దగ్గర కూచున్నాను. పాస్‌పోర్ట్ ఇంకా బ్యాగ్‌లోనే ఉంది, అది తీసే ధైర్యం నాకింకా రాలేదు. ముందు ఆ మూడు మడతల అట్టు తిన్నాను. తర్వాత చల్లారిపోయిన ఆ చిరిగిన అట్టు కూడా తిన్నాను. నేర్చుకునేవాళ్ళు చేసింది పారేయడం నాకు చేతకాదు.